ఆకులే గుడ్డ, ముక్కే సూది

రాయ్‌పూర్‌లో మీ పెరట్లో వెడల్పాటి ఆకుల మొక్క ఉందా? అయితే పొదలోంచి ఆగకుండా ‘ట్విట్, ట్విట్, ట్విట్’ అనే గట్టి అరుపు వినే ఉంటారు. అరిచేది పది గ్రాములు కూడా తూగని దర్జీ పిట్ట. నెత్తిన తుప్పురంగు, వీపున ఆకుపచ్చ, పైకెత్తిన తోక దాని గుర్తులు.

దర్జీ అన్న పేరు ఊరికే రాలేదు. ఆడపిట్ట కొమ్మకున్న పచ్చి ఆకును ఎన్నుకొని, సన్నని ముక్కుతో అంచుల వెంట రంధ్రాలు పొడుస్తుంది. సాలెగూటి పోగు, దూది, నార ఏది దొరికితే దానితో రెండంచులనూ దగ్గరికి లాగి కుడుతుంది. ఒక ఆకు చాలకపోతే రెండు మూడు కలుపుతుంది. మరి ముడి వేస్తుందా? వెయ్యదు. రంధ్రం దాటిన పోగు కొస పింజలా విచ్చుకొని, జారిపోకుండా పట్టుకుంటుంది. ఒకే దారంతో పొడుగునా కుట్టదు. రేకులకు వేసే రివెట్లలాగా ప్రతి కుట్టూ దేనికదే. ఆ ఆకుసంచిలో మెత్తని గూడు కట్టి మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. ఆకు తొడిమె తెగలేదు కనుక పచ్చగానే ఉంటుంది. అందుకే శత్రువుల కంట్లో పడదు.

ఈ పిట్టకు ఆఫ్రికా కొండల్లో దూరపు చుట్టం ఉంది. పొడుగుముక్కు గల ఆ చిన్న అడవిపిట్టకు 1931లో స్క్లేటర్ అనే శాస్త్రవేత్త, మోరో అనే పక్షి పరిశోధకుని పేరు పెట్టారు. ఒకప్పుడు దాన్నీ దర్జీ పిట్టల ప్రజాతిలోనే చేర్చారు. తరువాత ‘ఆర్టిసార్నిస్’ అనే వేరే ప్రజాతికి మార్చారు. కుటుంబం మాత్రం ఒక్కటే. టాంజానియాలోని తూర్పు ఉసాంబరా కొండలు, ఉత్తర మొజాంబిక్‌లోని న్జేసి పీఠభూమి తప్ప దానికి మరో నివాసం తెలియదు.

చుట్టాలిద్దరికీ ఇంత తేడా ఎందుకు? మన పిట్టకు నాలుగు ఆకులు, కాసిని పురుగులు ఉంటే చాలు. అడవిలోనూ నగరంలోనూ బతుకుతుంది. ఆఫ్రికా పిట్టకు కొండమీది తేమ అడవే కావాలి. ఆ కొండలు ఎండు మైదానాల నడుమ ద్వీపాల వంటివి. ఉన్న అడవిని నరికితే అది ఎగిరిపోయి చేరడానికి దగ్గరలో మరో అడవి లేదు. ఉసాంబరాలో తేయాకు తోటలకోసం, పంటలకోసం చాలా అడవి పోయింది. అందుకే అది అంతరించే ప్రమాదమున్న పక్షుల పట్టికకెక్కింది.

మన పిట్టకు ఆ గతి పట్టలేదు. అయినా వానాకాలంలో పెరటి పొదలను కత్తిరించే ముందు ఒక్క నిమిషం ఆకులవైపు చూడండి. దొన్నెలా ముడుచుకున్న ఆకు కనిపిస్తే విప్పకండి, ఆ కొమ్మ వదిలెయ్యండి. గుడ్డు పొదిగి, పిల్లలు ఎగిరిపోవడానికి నెలరోజులు చాలు.