సముద్రము లేని ఊరిలో తీరపు నడక

జంషెడ్‌పూర్ నగరమునకు సముద్రము లేదు. సముద్రము చూడవలెనన్న కోరిక గలవారు బాలేశ్వరమువైపో, దీఘావైపో రైలెక్కి పోవలెను. అయినను ఈ నగరములో మెరైన్ డ్రైవ్ అను బాట యొకటి కలదు. సోనారీ, కదమా పేటల అంచున నదిని ఆనుకొని సాగు ఈ బాటకు బొంబాయి సముద్రతీరపు రహదారి పేరే వచ్చినది. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాలనుండి ఉక్కు కర్మాగారపు పనికి వచ్చి ఇచట స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు గలవు. భీమునిపట్నపు అలలను, కళింగపట్నపు దీపస్తంభమును ఎరిగినవారికి ఈ పేరు వినగానే నవ్వు వచ్చిన రావచ్చును. ఒక సాయంకాలము ఆ బాటపై అరగంట నడచినవారికి ఆ నవ్వు కొంత తగ్గును.

ఏలయన, ఈ నీరును సముద్రమునకు చెందినదే. సువర్ణరేఖ రాంచీ సమీపమున నగ్రీ గ్రామము చెంత పుట్టి, హుండ్రూ వద్ద 98 మీటర్ల ఎత్తునుండి దుమికి, జంషెడ్‌పూరును ఒరసికొని పోయి, ఒడిశాలోని బాలేశ్వరము జిల్లాలో బంగాళాఖాతమున కలియును. దాని పొడవు సుమారు 395 కిలోమీటర్లు. ఇసుకను కడిగి బంగారు రేణువులు ఏరుకొను అలవాటు ఈ నది పొడవున చాలకాలముగా ఉన్నది. పేరును అందుకు తగినదే. మయూర్‌భంజ్ కొండలనుండి వచ్చు ఖర్కాయి నది సోనారీ వద్ద దీనిలో చేరును. ఆ సంగమమునకు దోముహానీ అని పేరు. అచ్చట నిలిచినచో రెండు ప్రవాహములు ఒకటగుటయు, ఉత్తరమున దల్మా కొండల వరుసయు కనబడును. మకర సంక్రాంతినాడు ఇచట టుసు మేళా జరుగును. ఆంధ్రదేశమున ముగ్గులు, గొబ్బెమ్మలు వెలయు దినముననే ఇచట ఆదివాసీ జనులు, కుర్మీ జనులు రంగు కాగితములతో కట్టిన చౌడలుల నెత్తుకొని పాడుచు నదికి వత్తురు.

ఈ నగరమునకు నడకబాటలు తమంతట తాము ఏర్పడలేదు. జంషెడ్‌జీ టాటా కర్మాగారపు స్థలము నిర్ణయము కాకమునుపే, 1902లో తన కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన లేఖలో, వెడల్పైన వీథులు, త్వరగా ఎదుగు నీడచెట్లు, పచ్చికబయళ్లు, ఆటస్థలములు తప్పక ఉండవలెనని కోరెను. ఆయన 1904లో గతించెను; సంస్థ 1907లో ఏర్పడెను; సాక్చీ గ్రామమున వెలసిన ఊరికి 1919లో ఆయన పేరు పెట్టిరి. సంస్థకు ఏబది సంవత్సరములు నిండిన సందర్భమున నిర్మింపబడిన జూబిలీ పార్కును 1958 మార్చిలో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించెను. మైసూరు సమీపపు బృందావన ఉద్యానమును తలపించు ఈ తోట రెండువందల ఎకరములకు మించినది. 1912లోనే ఈ కర్మాగారమున ఎనిమిది గంటల పనిదినము అమలులోనికి వచ్చెను. తోటయు, తీరికయు రెండును ఉన్నప్పుడే శ్రామికుడు నడువగలడు. తీరిక లేనివానికి తోట గోడమీది చిత్రపటము వంటిది.

ఇక నడక యెందుకను ప్రశ్న. మొదటి తరమువారు పారతో బొగ్గు ఎత్తిరి, ఇనుప కమ్ములు మోసిరి. వారి శరీరమునకు విశ్రాంతియే ఔషధముగాని వేరు వ్యాయామముతో పని లేకుండెను. నేటికిని బరువుపని చేయు కూలివానికి, మేస్త్రీకి ఇదే మాట వర్తించును. అట్టివారిని తెల్లవారుజామున లేపి నడువుమనుట తెలివిగాదు. కాని వారి కుమారులలో, మనుమలలో పెక్కుమంది నేడు మీటలున్న బల్ల ముందు కూర్చుండియో, కంప్యూటరు చూచుచునో ఎనిమిది గంటలు గడుపుచున్నారు. ఇంటికి పోవుట మోటారు సైకిలుపై. భోజనము మాత్రము తాతగారి నాటిదే: పళ్లెము నిండ అన్నము.

కూర్చుండి చేయు పని గుండెకు ఏమి చేయునో మొదట స్పష్టముగా చూపినవారిలో లండను వైద్యుడు జెరెమీ మోరిస్ ముఖ్యుడు. 1953లో ఆయనయు, సహచరులును ప్రకటించిన పరిశోధన ఆ నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని గూర్చినది. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు దినమంతయు మెట్లెక్కి దిగుచుండును. ఒకే సంస్థ, ఒకే బస్సు. అయినను కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చెను, వచ్చినను ఆలస్యముగా, తక్కువ తీవ్రతతో వచ్చెను. ఆ పరిశోధకులు అంతటితో తృప్తి చెందక, 1956లో వారి ఉడుపుల కొలతలనుకూడ పరిశీలించిరి. డ్రైవర్ల నడుము కొలత ఆదినుండియే పెద్దదని తేలెను. కావున అంతయు మెట్ల మహిమయే యనుట సరికాదు. అయినను ఆ పిమ్మట అనేక దేశములలో జరిగిన పరిశోధనలు, కదలిక గుండెను కాపాడునను మూలవిషయమును బలపరచినవి.

మన దేశమున ఈ విషయము తేలికగా తీసికొనదగినది కాదు. భారత వైద్య పరిశోధన మండలి సహాయముతో జరిగి 2023లో ప్రకటింపబడిన సర్వే ప్రకారము దేశమున సుమారు 10 కోట్ల మందికి మధుమేహము కలదు. మరి 13 కోట్లకు పైగా జనులు దాని గుమ్మమున నిలిచియున్నారు. రెండవ తరగతివారికి నడకవలన కలుగు మేలు మిక్కిలి పెద్దది, ఏలయన వారిలో చాలమంది వ్యాధిలోనికి పోకుండ ఆగగలరు. వారిలో అనేకులకు తమ స్థితియే తెలియదు. ముప్పది యేండ్లు దాటినవారు రక్తమును, రక్తపుపోటును పరీక్ష చేయించుకొని నడక ఆరంభించుట మేలు.

ఎంత నడువవలెను? వారమునకు నూటయేబది నిమిషములు తక్కువకాకుండ నడువవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. దినమునకు ముప్పది నిమిషములు, వారమునకు ఐదు దినములు అనుకొన్న సరిపోవును. ఒకేసారి కానక్కరలేదు, పదేసి నిమిషములు మూడుమారులు నడచినను లెక్కకు వచ్చును. రాత్రి భోజనమైన పిమ్మట పది, పదునైదు నిమిషములు మెల్లగా నడచినచో రక్తములోని చక్కెర పెరుగుదల తగ్గును; ఇది వీథిలోనైనను చేయవచ్చును. వేగమునకు గడియారము అక్కరలేదు. తోడివానితో మాటాడగలుగుచు, పాట మాత్రము పాడలేనంతగా ఊపిరి వేగపడినచో అది తగిన వేగము. మాటకే ఊపిరి చాలకున్నచో తగ్గింపవలెను.

ఈ కొలతకు మెరైన్ డ్రైవ్ చక్కగా సరిపడును. నేల చదునుగా ఉండును. కన్నులకు ఎదురుగా నీరు, ఆవలి గట్టున చెట్లు కనబడును. సముద్రతీరమునుండి వచ్చినవారు ఇచట ఒక భేదమును గమనింతురు. మెత్తని ఇసుకపై నడచునపుడు గట్టినేలపై నడచుటకంటె రెండు రెట్లకు పైగా శ్రమ కలుగును. విశాఖపట్టణమున ఇసుకలో దిగి నడచు వృద్ధులకు పిక్కలు పట్టుకొనుట ఇందువలననే. మోకాళ్ల నొప్పి గలవారికి నదిగట్టు బాటయే సుఖము. అయితే ఇది వాహనములు పోవు రహదారియు కావున, బాట అంచునే, ఎదురుగా వచ్చు బండ్లు కనబడు వైపున నడువవలెను.

జూబిలీ పార్కు ఇంకను సులభము. తోటలోపల గులాబీల వరుసలు, జయంతి సరోవరము ఒడ్డు, నీడగల దారులు, అడుగడుగున కూర్చుండుటకు చోటు కలవు. గుండెజబ్బునుండి కోలుకొనుచున్నవారు, గర్భిణులు, ఎన్నడును నడవనివారు ఇచట ఆరంభించుట మంచిది. ఒంటరిగా నదిగట్టునకు పోవుటకు సంకోచించు స్త్రీలకు కూడ ఈ తోట అనుకూలము. తెలుగిండ్ల పెద్దముత్తైదువులు దేవాలయప్రదక్షిణమునకు విసుగనివారు. అదే పాదములతో ఇద్దరు ముగ్గురు కలిసి సరోవరము చుట్టినచో వైద్యుడు కోరినది చాలవరకు నెరవేరును. మార్చి 3న సంస్థాపకుని జన్మదినోత్సవపు దీపాలంకరణ సమయమున మాత్రము తోట జనసమ్మర్దముతో నిండును. ఆ కొన్ని దినములు నడకకు వేరుచోటు చూచుకొనవలెను.

దూరము పోదలచినవారికి నగరమునకు సుమారు 13 కిలోమీటర్ల దూరమున దల్మా కొండల పాదమున డిమ్నా జలాశయము కలదు. సెలవుదినమున కుటుంబముతో పోయి, గట్టుపై మెల్లగా నడచి, కొండనీడ నీటిలో సాగుట చూచి రావచ్చును. వెంట తీసికొనిపోవు పొట్లములలో వేయించిన పదార్థములు అధికమైనచో నడకకు ఫలము మిగులదని చెప్పుట కొందరికి రుచింపదు. దల్మా శిఖరము మాత్రము తేలిక నడక కాదు. అది 1976లో అభయారణ్యముగా ప్రకటింపబడినది, ఏనుగులకు నిలయము. అటవీశాఖ అనుమతితో, పగటివేళ, గుంపుగా మాత్రమే పోవలెను. ఏనుగు దూరమున కనబడినను నిశ్శబ్దముగా వెనుకకు మరలవలెను, చిత్రము తీయుటకు దగ్గరకు పోరాదు.

ఈ ప్రాంతపు వాతావరణమును ఎరుగక నడచుట హానికరము. వేసవిలో ఉష్ణము నలుబది డిగ్రీలు దాటు దినములు కలవు. అట్టి దినములలో సూర్యోదయమునకు కొంచెము ముందో, అస్తమయము తరువాతనో నడువవలెను. తలతిరుగుట, వాంతి, మాట తడబడుట, ఒడలు కాలిపోవుచున్నను చెమట పట్టకుండుట వడదెబ్బకు గుర్తులు. వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీరు చల్లి విసరుచు, ఆసుపత్రికి తీసికొనిపోవలెను; స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. శీతకాలమున దీనికి విరుద్ధము. చలిరాత్రి పొగయు ధూళియు పైకి లేవక నేలనంటి నిలుచును. ఉబ్బసము, గుండెజబ్బు గలవారు మసకచీకటిలో బయలుదేరక, ఎండ వచ్చి పొగ చెదరిన పిమ్మట, లారీలు పోవు దారులకు దూరముగా నడువవలెను. తెల్లవారుజామున నడచుటయే గొప్ప యను నమ్మిక ఇచట పనికిరాదు.

వర్షకాలమున నదినే గమనింపవలెను. ఎగువన చాండిల్ ఆనకట్ట తలుపులు ఎత్తినపుడు, ఒడిశా కొండలలో వాన కురిసినపుడు, ఊరిలో చినుకు లేకున్నను ఇచట నీరు త్వరగా పెరుగును. దోముహానీ రాళ్లపైకి దిగి నిలుచుట ఆ నెలలలో ప్రాణాపాయము. నీటి ఒడ్డున సంధ్యవేళ దోమలు ముసరును. సింగ్‌భూమ్ అటవీప్రాంతమున మలేరియా ఇంకను కలదు కావున నిండుచేతుల చొక్కా ధరింపవలెను. జ్వరము వచ్చినచో స్వంతవైద్యము చేసికొనక అదేదినము రక్తపరీక్ష చేయింపవలెను.

షిఫ్టు పనివారి చిక్కు వేరు. రాత్రి పని ముగించి ఉదయపు వెలుగులో నదిగట్టున నడచినచో, ఆ వెలుగే నిద్రను దూరము చేయును. అట్టివారు ముందు నిద్రించి, సాయంకాలము పనికి పోవుటకు ముందు నడువవలెను. మధుమేహమునకు సూదిమందు, మాత్రలు తీసికొనువారు జేబులో చక్కెర గాని, బెల్లపు ముక్క గాని ఉంచుకొనవలెను. వణకు, చెమట, కన్నులు చీకట్లు కమ్ముట తోచిన వెంటనే తినవలెను. వారు చెప్పులు లేక నడువరాదు. ఇంటికి వచ్చి పాదములను, వ్రేళ్ల సందులను చూచుకొనవలెను. నడచునపుడు ఛాతీలో బరువు, ఎడమచేతికిగాని దవడకుగాని పాకు నొప్పి కలిగినచో అజీర్ణమని సోడా త్రాగి కూర్చుండక, నడక ఆపి వెంటనే ఆసుపత్రికి పోవలెను.

కొత్తగా ఆరంభించువారు మొదటివారము దినమునకు పది నిమిషములు నడచిన చాలును. ప్రతివారము ఐదేసి నిమిషములు పెంచినచో ఐదవ వారమునకు అరగంట అగును. దసరా వెళ్లిన పిమ్మట జూబిలీ పార్కులో ఈ విధముగా మొదలుపెట్టిన కదమావాసి, సంక్రాంతినాటికి సోనారీవరకు నదిగట్టునే నడచిపోయి, టుసు మేళాలో కొంతసేపు నిలిచి, తిరిగి ఇంటికి వచ్చి అరిసెలు తినగలడు, రెండింటికి మించకుండ.