మీకు తెలుసా? ఓళిగ సత్తువలో కొంత చారులోకి పోతుంది

బంగారుపాళ్యం నుంచి మద్రాసు–బెంగళూరు రోడ్డు పట్టుకుని పడమటికి పోతే హోళిగె, ఒబ్బట్టు. తూర్పుకు దిగితే పోళి. కోస్తాలో బొబ్బట్టు, తెలంగాణలో బక్ష్యం. మనకు మాత్రం ఓళిగ. వీటిలో పోళి, హోళిగె, ఓళిగ ఒకింటి పేర్లే. పాత కన్నడంలో మాట మొదట ఉన్న 'ప' తర్వాత 'హ' అయింది. మన పాలు వాళ్లకు హాలు, పులి హులి అయినట్టే. ఆ 'హ' కూడా మన నోట నిలవలేదు!

● పైపిండిని జారుగా కలిపి, నూనె పోసి నానబెట్టేది ఊరికే కాదు. పిసికినప్పుడు బిగుసుకున్న గ్లూటెన్ నానితే సడలుతుంది. నానని పిండి తట్టేకొద్దీ వెనక్కి ముడుచుకుంటుంది, పూర్ణం బయటికొస్తుంది.

● శెనగబేడలు మెత్తబడకముందే బెల్లం వేశారా, ఇక ఎంత మంట పెట్టినా బిరుసే. బెల్లంలోని చక్కెర, కాల్షియం బేడను మెత్తబడనివ్వవు.

● 100 గ్రాముల పచ్చి శెనగబేడల్లో 20 గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. గోధుమలో తక్కువైన లైసిన్ బేడల్లో దండిగా ఉంటుంది, బేడల్లో తక్కువైన మెథియోనిన్ గోధుమ ఇస్తుంది. అంగళ్లలో ఎక్కువగా వాడేది మైదా. అందులో తవుడుండదు, పీచూ తక్కువే.

● బెల్లంలో ఇనుముందని రెండో ఓళిగ అడిగేవాళ్లు ఇది కూడా వినాలి: చిత్తూరు మండీ బెల్లమైనా సరే, నూటికి 80 పాళ్లకు పైగా చక్కెరే. షుగరున్నవాళ్లకు అది మందు కాదు. పైన వేసే ఒక టీస్పూను నెయ్యి ఇంకో 45 కేలరీలు.

● తిరుమల శ్రీవారి నైవేద్యాల్లో లడ్డూ, వడలతో పాటు పోళీ కూడా ఉంది.

● జూన్‌లో బంగారుపాళ్యం మార్కెట్ నిండా మామిడే. అక్కడికి గుట్టలుగా వచ్చే తోతాపురి చాలావరకు గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. ఓళిగ ముంచుకోవడానికి నా ఓటు బేనీషా రసానికే.

● ఇక అసలు సంగతి. బేడలు ఉడికిన నీళ్లే కట్టు. నీళ్లలో కరిగే ఫోలేట్, మిగతా బి విటమిన్లు కొంత అందులోకి దిగిపోతాయి. చింతపండు పులుసు, చారుపొడి, కాస్త పూర్ణం కలిపి తాలింపు పెడితే ఓళిగల చారు. అంగట్లో కొన్న ఓళిగతో ఈ చారు రాదు. ఇంట్లో చేసిన రోజైనా కట్టు పారబోయకండి.