మొద్దబ్బాయి అనకండి!

"పాఠం అడిగితే గడగడా చెబుతాడు, రాయమంటే అన్నీ తప్పులే!" తొమ్మిదో తరగతి పిల్లల తల్లులు తరచు చెప్పే మాట ఇది. అది సోమరితనమే కానక్కరలేదు. తెలివి ఉన్నా చదవడం, రాయడం మాత్రం పట్టుబడకపోతే అది డిస్‌లెక్సియా కావచ్చు.

ముందు కంటిచూపు, వినికిడి పరీక్ష చేయించండి. అవి బాగుంటే సైకాలజిస్టుకు చూపించండి. దెబ్బలు, టానిక్కులు దీన్ని నయం చెయ్యవు. శిక్షణ పొందిన టీచరు రోజూ కొంతసేపు అక్షరాన్నీ, ధ్వనినీ జతచేసి ఓర్పుగా నేర్పితే పిల్లవాడు మెరుగవుతాడు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని గుర్తించింది. పరీక్షలో అదనపు సమయం, చెబితే రాసిపెట్టే సహాయకుడు, రెండవ, మూడవ భాషల నుంచి మినహాయింపు వంటి వెసులుబాట్లు కల్పించాలంటోంది. వాటికి ప్రభుత్వ మెడికల్ బోర్డు సర్టిఫికెట్టు కావాలి. పదో తరగతి పరీక్షలు దగ్గరపడేదాకా ఆగకండి.