విశ్వాస ప్రమాణం మనకెందుకు?

హనుమంతునిపాడు మండలంలోని ఒక పల్లెలో బాప్తిస్మానికి ముందు ఒక యౌవనస్థుణ్ణి, ‘నీవు నమ్మినదేమిటి నాయనా?’ అని అడిగాము. ‘యేసయ్య మా అమ్మ జ్వరం తగ్గించాడయ్యగారూ’ అన్నాడు. దేవునికి స్తోత్రం. ‘తగ్గకపోయి ఉంటే?’ అంటే తల వంచుకున్నాడు. తప్పు అతనిది కాదు, నేర్పని మాది.

అపొస్తలుల విశ్వాస ప్రమాణం నేర్పుదామంటే సంఘపెద్ద ఒకరు, ‘మనం బాప్టిస్టులం, మనకు బైబిలు చాలదా?’ అన్నారు. చాలు. అయితే నాలుగో శతాబ్దంలో అరియస్ కూడా బైబిలు వాక్యాలే చూపించి, కుమారుడు సృష్టింపబడినవాడని బోధించాడు. అందుకే క్రీ.శ. 325లో నైసియాలో కూడిన బిషప్పులు ఆయన తండ్రితో ఏకతత్వం గలవాడని ఒప్పుకున్నారు. ‘ఏకతత్వం’ అనే మాట బైబిల్లో లేదు. బైబిలు భావాన్ని కాపాడటానికే దానిని వాడారు. 1905లో లండన్‌లో జరిగిన ప్రపంచ బాప్టిస్టుల మొదటి మహాసభలో అధ్యక్షుడు అలెగ్జాండర్ మెక్లారెన్ సభికులందరినీ నిలువబెట్టి అపొస్తలుల ప్రమాణాన్నే పలికించారని చెబితే మన పెద్దాయన ఆశ్చర్యపోయారు. (సీఎస్ఐ, లూథరన్ సంఘాలవారు దానిని ఆరాధనలో పలుకుతారు. వారిలో మనసు పెట్టి పలికేవారెందరో ప్రభువుకే తెలియాలి!)

మన పడమటి పల్లెల పితరులకు ఒప్పుకోలు నోటిమాట కాదు. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. అదే సంవత్సరం ఒంగోలు వచ్చిన జాన్ క్లౌ దొరగారు విశ్వాసులకు మూడు నియమాలు పెట్టారు: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. వినడానికి చిన్నవే. కానీ మోతుబరి కబురంపితే ఆదివారం రామనడం, జాతరలో డప్పు కొట్టమనడం ఆ రోజుల్లో ఒక మాదిగ కుటుంబానికి ఎంత సాహసం! ఆ మాటకు పనులు పోగొట్టుకున్నారు, హింసలు పడ్డారు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పని చూపించిన క్లౌగారు, కూటికోసం కలిశారనే నింద రాకూడదని బాప్తిస్మాలు ఆపివేశారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు చదువురానివారు.

చదువున్న మనమేమో ఏమి నమ్ముతున్నామో నాలుగు మాటల్లో చెప్పలేకపోతున్నాము. స్వస్థతే సువార్తయితే జబ్బు తిరిగి వచ్చిన రోజున విశ్వాసి దేనిని పట్టుకోవాలి?

ఆ యౌవనస్థునికి వారానికి కొంత చొప్పున ప్రమాణం నేర్పాము. ఒకచోట ఆగి, ‘ప్రభువును చంపించిన పిలాతు పేరు మనమెందుకు పలకాలయ్యగారూ?’ అన్నాడు. ప్రభువు శ్రమ పురాణకథ కాదని, ఫలానా అధిపతి కాలంలో, ఫలానా దేశంలో జరిగిందని చెప్పాము. కొంతసేపు ఆలోచించి, ‘అయితే మా అమ్మకు జ్వరం తగ్గినా తగ్గకపోయినా అది జరిగిందేగా’ అన్నాడు. ఆ తరువాతి ఆదివారమే బాప్తిస్మమిచ్చాము.