కుట్టినవాడి పేరుతో

తోలు పని చేసేవాడికి అన్నిటికన్నా కష్టమైనది ధర చెప్పడం. రంపెతో కోయడం, ఆరెతో పొడవడం, వార్లు తీయడం బాపు పక్కన కూర్చుంటే చిన్నప్పుడే చేతికి వచ్చేస్తాయి. కొనేవాళ్ల మొహం చూసి "ఈ జత పద్నాలుగు వందలు" అని తడబడకుండా చెప్పడం మాత్రం మా ఇళ్లలో ఎవరూ నేర్పరు. నేను సిద్దిపేటలో చిన్న గది అద్దెకు తీసుకుని చెప్పులు, బెల్టులు, పర్సులు, సంచులు చేత్తో కుట్టి అమ్ముతాను. నా గడప తొక్కినవాళ్లలో సగం మంది మొదటి మాట ఇదే: "బస్టాండు కాడ రెండొందల యాభైకి ఇస్తుండ్రు గదన్నా!"

నిజమే, ఇస్తున్నారు. అవి రెగ్జిన్ చెప్పులు, మిషను మీద కుప్పలుగా వచ్చేవి. వాటితో ధరలో పోటీకి దిగిన చేతిపనివాడు ఏడాది తిరక్కుండా కొట్టు మూసుకుంటాడు. అందుకే నేను ఒక జతకు అయ్యే లెక్క కాగితం మీద రాసి గోడకు అంటించాను. పై తోలు 320, అడుగు అట్టకు 180, దారం, గమ్ము, మైనం, బకిల్ కలిపి 60. ఆరు గంటల పని, గంటకు 90 చొప్పున 540. అద్దె, కరెంటు, చార్జీలు, కోతలో పోయే ముక్కలు 120. మొత్తం 1,220. మిగిలే 180తోనే మళ్లీ తోలు కొనాలి. వచ్చినవాళ్లు అందరూ ఆ కాగితం చదువుతారు, చదువుతూ కూలి వరుస దగ్గర ఆగుతారు. గంటకు తొంభై రూపాయలు ఎక్కువని ఇప్పటిదాకా ఒక్కరూ అనలేదు. బేరం ఆడేది వస్తువు మీదే, మనిషి కష్టం కళ్లకు కనబడితే చాలామంది నోరు రాక ఆగిపోతారు. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది కూడా ఇదే: ముందు మీ కూలి రాసుకోండి, తర్వాత తోలు ధర రాసుకోండి. మనవాళ్లు ఎప్పుడూ తోలు ఖర్చు లెక్క వేసి, మిగిలిందే కూలి అనుకుంటారు.

దీనికి కారణం ఉంది. మా తాతల కాలంలో చెప్పులు అమ్మేవాళ్లు కాదు. మోట బొక్కెన కుట్టాలన్నా, ఎడ్లకు పట్టెడలు, చెర్నకోల, పగ్గాలు కావాలన్నా, పటేలు కాళ్లకు కిర్రు చెప్పులు కావాలన్నా మాదిగింటికే కబురు వచ్చేది. ఏడాదంతా చేసిపెడితే పంట కల్లం మీదికి వచ్చినప్పుడు ఇన్ని గింజలు కొలిచేవారు. కొన్ని ఊళ్లలో అదీ లేదు, వెట్టే. మాకు గిరాకీ అంటే ఊరి పెద్దలు, ధర అంటే వాళ్ల దయ. తర్వాత కరెంటు మోటారు వచ్చి మోట పోయింది, ట్రాక్టరు వచ్చి పట్టెడలు పోయాయి, రబ్బరు చెప్పులు వచ్చి కిర్రు చెప్పులు పోయాయి. పని పోయినా ధర అడగడానికి జంకే అలవాటు మాత్రం మిగిలింది. తోలు సామాన్ల మార్కెటింగ్ అనగానే ఫోటోలు, రీల్సు, డిస్కౌంట్లు అంటారు. అవన్నీ తర్వాతివి. మా దగ్గర అసలు మార్కెటింగ్ ఈ జంకు పోవడంతోనే మొదలవుతుంది.

నా బెల్టుల లోపలి వైపు, పర్సుల మూల మీద నా పేరూ ఊరి పేరూ కలిపి చిన్న ముద్ర వేస్తాను. ఆ ముద్ర చేయించిన రోజు బాపు ఒప్పుకోలేదు. "పేరెందుకు బిడ్డా, ఏదన్న పువ్వో నెమలో ఎయ్యి. మనోళ్ల పేరు జూస్తే కొంటరా?" అన్నాడు. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, ఊళ్లో ఏ వాడ అని అడిగి, అటునుంచి కులం దగ్గరికి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను సూటిగానే చెప్తాను, మాదిగలం, తాతల నాటి నుంచి ఇదే పని అని. అది విని మళ్లీ రానివాళ్లు కొందరున్నారు. ఆ మాట వల్లే పని మీద నమ్మకం కుదిరినవాళ్లు అంతకన్నా ఎక్కువ మంది. చేతిపనికి బ్రాండు అంటే చేసినవాడే. ఆ మనిషిని దాచిపెట్టి వస్తువును మాత్రం గొప్పగా చూపించాలంటే కుదరదు.

ఇక కొనేవాళ్ల అనుమానాలు. "ఇది అసలు తోలేనా?" అని అగ్గిపుల్ల తీసేవాళ్లుంటారు. కాల్చే పని లేదు. అంచు చూడండి, వెనక వైపు చూడండి. తోలైతే వెనక సన్నటి పీచు చేతికి తగులుతుంది, రెగ్జిన్ అయితే గుడ్డ కనిపిస్తుంది. మీద చిన్న చిన్న రంధ్రాలు, గీతలు ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటే అది జీవి చర్మం. అంతా ఒకే అచ్చులో ఉంటే అనుమానించండి. "జెన్యూన్ లెదర్" అన్న ముద్ర చూసి మోసపోవద్దు. తోలును పొరలుగా చీల్చి, కింది బలహీనమైన పొర మీద రంగు పూత పూసి అమ్మినా ఆ ముద్ర వేయొచ్చు. అలాంటి బెల్టు ఏడాదిలో పెచ్చులూడుతుంది. పై పొర ఉన్న గట్టి తోలైతే వాడేకొద్దీ ముదురు రంగు తేలి, ఇంకా అందంగా అవుతుంది.

నా దుకాణంలో ఎక్కువ అమ్మకాలు చేసిపెట్టేది ఒక కుట్టు. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, ఆరెతో పొడిచిన ఒకే రంధ్రంలోంచి ఒక సూదిని ఇటు నుంచి, ఇంకోదాన్ని అటు నుంచి దూర్చి బిగిస్తాను. ప్రతి రంధ్రం దగ్గరా దారం తనంతట తానే పట్టుకుని ఉంటుంది. మిషను కుట్టులో పై దారం, కింది దారం ఒకదాన్నొకటి మెలేసుకుని ఉంటాయి కాబట్టి ఒక చోట తెగితే పక్కవన్నీ వదులవుతూ పోతాయి. ఇది నోటితో చెబితే ఎవరికీ ఎక్కదు. అందుకే ఒక పాత పర్సు ముక్క దగ్గర పెట్టుకుంటాను. వచ్చినవాళ్ల చేతికే బ్లేడు ఇచ్చి నా కుట్టు ఒకటి కోయమంటాను. తర్వాత లాగి చూడమంటాను, ఊడదు. అక్కడితో మాట ధర మీది నుంచి రంగు మీదికి, సైజు మీదికి వెళ్తుంది. సిటీ ఎగ్జిబిషన్లలో కూడా సామాను పేర్చి కూర్చోవడం కన్నా అక్కడే ఆరె పట్టుకుని కుడుతూ కూర్చున్నప్పుడే జనం ఆగుతారు. పనిచేసే చెయ్యి కనబడాలి.

తోలు ఎక్కడి నుంచి తెస్తావని అడుగుతారు. బాధగా చెప్పాల్సిన జవాబు ఇది. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలోకెల్లా తెలంగాణే మొదటిది, దాదాపు 1.9 కోట్లు. 2017 జూన్‌లో గొర్రెల పంపిణీ పథకం మొదలైంది కూడా మా జిల్లా కొండపాకలోనే. అయినా ఇక్కడి పచ్చితోళ్లు ఎక్కువగా ఉప్పు పట్టించుకుని తమిళనాడు దారి పడతాయి. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటల్లో శుద్ధి అయి, షీట్లుగా మళ్లీ హైదరాబాద్‌కు వస్తాయి. నేను అక్కడ చదరపు అడుగు లెక్కన కొని తెచ్చుకుంటాను. ఒకప్పుడు ఊరి చివర లందలోనే ఈ పని అంతా జరిగేది. సున్నం నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క, కరక్కాయ వేసి వారాల తరబడి ఊరబెట్టేవారు. ఇప్పుడు క్రోమ్ ఉప్పుల పద్ధతిలో ఒకటి రెండు రోజుల్లో అయిపోయే పనికి అప్పుడు అంత ఓపిక కావాల్సి వచ్చేది. కానీ తంగేడు పట్టిన తోలు నునుపు, దాని వాసన వేరు. బతుకమ్మలో పేర్చే ఆ పువ్వు చెట్టే మన రాష్ట్ర పుష్పం. దాని బెరడుతో ఊరిన తోలు సంచి అని చెప్పి అమ్మగలిగితే దేశంలో ఎక్కడైనా కొనేవాళ్లుంటారు. ఆ తోలు చేసేవాళ్లే వేళ్ల మీద లెక్కపెట్టేలా మిగిలారు.

ఎక్కడ అమ్మాలన్నది ఇంకో లెక్క. షోరూముల్లో పెడితే నూటికి నలభై వాళ్లు తీసుకుంటారు, అదీ అమ్ముడుపోయాకే డబ్బు. పద్నాలుగు వందల జతలో నాకు 840 వస్తే, నా ఖర్చే 1,220. అందుకే షాపులకు కీచైన్లు, కార్డు పర్సుల వంటి చిన్నవే ఇస్తాను. ముక్కల్లోంచి వచ్చేవి కాబట్టి అక్కడ నష్టం ఉండదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జత 2,500 రూపాయల లోపు చెప్పులకు జీఎస్టీ 5 శాతమే అయింది. అంతకుముందు వెయ్యి దాటితే 18 శాతం ఉండేది. షాపులతో మాట్లాడేవాళ్లు ఈ తేడా ముందుగా తేల్చుకోవాలి.

సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు కొమురవెల్లి మల్లన్న జాతరలో అమ్ముతాను. అక్కడికి వచ్చేవాళ్లలో కురుమలు, గొల్లలు ఎక్కువ. మంద వెంట రాళ్లలో, ముళ్లలో నడిచేవాళ్లకు చెప్పు అందం అక్కర్లేదు, అడుగు మందం కావాలి. డోలుకో, డప్పుకో కొత్త తోలు మూయించుకోవడానికి వచ్చేవాళ్లుంటారు. వేప చెక్క పలకకు చింతగింజల అంబలి పూసి తోలు మూసే పని ఇప్పటికీ బాపుదే. సిటీ గిరాకీకి ఆఫీసు సంచులు కావాలి, పలచటి పర్సులు కావాలి. ఒకే సామాను రెండు చోట్లకూ మోసుకుపోతే రెండు చోట్లా మిగిలిపోతుంది. 2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలు వచ్చాక సికింద్రాబాద్‌కు సంచులు మోసుకుపోవడం కొంత తేలికయింది.

దూరం వాళ్లకు వాట్సాప్ ఉంది. ఫోటో గుమ్మం దగ్గర పొద్దుటి వెలుగులో తీస్తే తోలు రంగు ఉన్నదున్నట్టు పడుతుంది, ట్యూబులైటు కింద తీస్తే గోధుమ రంగు కూడా నలుపైపోయి సామాను తిరిగి వస్తుంది. పర్సు పక్కన చెయ్యి పెట్టి తీయాలి, లేకపోతే సైజు తెలియదు. చెప్పులకు కాగితం మీద పాదం గీసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో పంపమంటాను. రెండు పాదాలూ వేర్వేరుగా గీయమంటాను, ఎందుకంటే చాలామందికి రెండూ ఒకటి కావు. ఆ కాగితాలన్నీ పేరు రాసి ఫైలులో దాచిపెడతాను. రెండోసారి "తమ్మీ, అవే చెప్పులు ఇంకో జత" అని ఫోను చేస్తే చాలు. ఈ ఫైలే నా ఆస్తి. ఏ కంపెనీ దగ్గరా మా పెద్దవ్వల బొటనవేలి పక్క బొడిపె కొలత లేదు.

ఇందులోంచే ఇంకో గిరాకీ పుట్టింది. షుగరు ఉన్నవాళ్లలో కొందరికి పాదం మొద్దుబారి, చెప్పు ఒరుసుకున్నా తెలియదు. చిన్న పుండే పెద్దదవుతుంది. వాళ్లకు డాక్టర్లు ఎంసీఆర్ చెప్పులు రాస్తారు. మెత్తటి సూక్ష్మరంధ్రాల రబ్బరు అది, మొదట కుష్ఠు రోగుల పాదాలు కాపాడటానికి వాడింది. దాని మీద మెత్తటి మేకతోలు వేసి, ఉంగటం తీసేసి, వెడల్పు పట్టీలతో కుడతాను. డాక్టరు చీటీ చూడకుండా కుట్టను. ఈ చెప్పులు వేసుకున్నవాళ్లు ఇంకో నలుగురిని పంపుతారు.

వస్తువు మారినా చెయ్యి నిలుస్తుందనడానికి మన తెలుగు నేల మీదే సాక్ష్యం ఉంది. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కళాకారులు ఆటలు తగ్గిపోయాక అదే మేకతోలు మీద, అదే రంగులతో దీపాల తెరలు చేసి అమ్ముతున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. రావణుడి బొమ్మ కొనని ఇంట్లోకి దీపం వెళ్లింది. కొల్హాపురి చెప్పులది ఇంకో పాఠం. వాటికి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. 2025 జూన్‌లో ప్రాడా అనే ఫ్యాషన్ కంపెనీ మిలాన్ ప్రదర్శనలో అచ్చం అలాంటి చెప్పులు ఊరూపేరూ చెప్పకుండా నడిపించింది. గొడవయ్యాక మన చెప్పులే స్ఫూర్తి అని ఒప్పుకుంది. ఆ ఏడాది డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక తోలు పరిశ్రమల కార్పొరేషన్లతో ఒప్పందం చేసుకుంది. ఊరి పేరు, గుర్తింపు కాగితం చేతిలో ఉండబట్టే వాళ్లు అడగగలిగారు. మా జిల్లాలో గొల్లభామ చీరకూ, చేర్యాల చిత్రాలకూ జీఐ ఉంది. మా తోలుకు ఏ పేరూ లేదు. ముద్ర మీద సిద్దిపేట అని నేను వేయడం అందుకే.

చదివేవాళ్లకు ఒక విన్నపం. మీ ఊళ్లో ఆరె పట్టే పెద్దమనిషి ఎవరైనా మిగిలి ఉంటే ఆయన్ను దగ్గర్లోని కామన్ సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లి పీఎం విశ్వకర్మలో పేరు రాయించండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఆ పథకంలోని 18 వృత్తుల్లో చెప్పులు కుట్టడం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల విలువైన వోచరు ఉంది, శిక్షణ రోజులకు 500 చొప్పున ఇస్తారు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు దొరుకుతుంది. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఫోను నంబరు ఉంటే సరిపోతుంది, తర్వాత గ్రామ పంచాయతీలో పరిశీలిస్తారు. ఇంటికి ఒక్కరికే ఇస్తారు కాబట్టి పని తెలిసినవాళ్ల పేరే పెట్టించండి.