విష్ణుక్రాంతి: పచ్చికలో ఒదిగిన నీలిపువ్వు

జంషెడ్‌పూర్ అనగానే ఎవరికైనా ముందుగా ఉక్కు గుర్తుకు వస్తుంది. 1907లో టాటా ఇనుము ఉక్కు సంస్థ ఏర్పడిన తరువాత సాక్చీ అనే చిన్న గ్రామం చుట్టూ పెరిగిన ఈ నగరానికి 1919లో జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. కార్మికుల కోసం కట్టబోయే పట్టణంలో నీడనిచ్చే చెట్లకు, పచ్చిక మైదానాలకు, తోటలకు తగినంత చోటు వదలవలసిందని ఆయన 1902లోనే తమ కుమారుడు దొరాబ్‌కు ఉత్తరంలో సూచించారు. నగరంలో ప్రసిద్ధమైన జూబిలీ పార్కును 1958లో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. గులాబీలు, ఫౌంటెన్లు, కత్తిరించిన పచ్చిక సందర్శకులకు ఆనందం కలిగిస్తాయి. అయితే ఎవరూ నాటకుండానే, ఎవరూ నీరు పోయకుండానే ఈ నేలపై పూసే ఒక పువ్వు ఉన్నది. అది విష్ణుక్రాంతి.

సువర్ణరేఖా, ఖర్‌కాయీ నదుల నడుమ ఉన్న ఈ ప్రాంతం ఛోటానాగ్‌పూర్ పీఠభూమిలోని భాగం. ఎర్రని గులకనేలలు, సాలవృక్షాల అడవి అంచులు, పశువులు మేసే బీళ్ళు ఇక్కడి సహజ లక్షణాలు. ఇటువంటి చోట గడ్డిపోచల నడుమ, నేలకు నాలుగు వేళ్ళ ఎత్తులో, చిన్న చొక్కా గుండీ అంత నీలిపువ్వు విచ్చుకుంటుంది. ఉదయం దానిని చూసినవారు మధ్యాహ్నం వెళ్ళి వెతికితే కనిపించదు. ఎండ ముదిరేసరికి పువ్వు ముడుచుకుపోతుంది. ఈ కారణంగానే ఎన్నో ఏళ్ళుగా ఆ దారిన నడిచేవారు సైతం దానిని గుర్తించకపోవడం కద్దు.

పేరు ఒకటి, మొక్కలు మూడు

విష్ణుక్రాంతి తెలుగువారికి కొత్తది కాదు. వినాయకచవితి నాడు స్వామికి సమర్పించే ఇరవైయొక్క పత్రాలలో పదకొండవది విష్ణుక్రాంత పత్రం. కేరళలో స్త్రీలు తలలో ధరించే దశపుష్పాలలో ఇది ఒకటి. కన్నడ, తమిళ భాషలలోను ఈ మొక్క పేరు దాదాపు ఇదే. ఇంత దూరం వ్యాపించిన పేరు ఒకే మొక్కను సూచిస్తే చిక్కు ఉండేది కాదు. కాని వాస్తవం అలా లేదు.

జంషెడ్‌పూర్‌లో కొన్ని తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నవి. బిష్టుపూర్, కద్మా, సోనారీ వంటి పేటలలో వారు తమ పండుగలను శ్రద్ధగా జరుపుకుంటారు. చవితికి ముందు రోజు తెలుగు గృహిణి బజారులో విష్ణుక్రాంత పత్రం అడిగినప్పుడు అమ్మే వ్యక్తి అపరాజిత తీగను చేతికివ్వడంలో ఆశ్చర్యం లేదు. వంగదేశపు ఆచారాలు బలంగా ఉన్న ఈ ప్రాంతంలో అపరాజిత పూజాపుష్పంగా సుపరిచితం. పైగా అమ్మినవానిది పొరపాటని తోసిపుచ్చడానికి కూడా వీలులేదు. సంస్కృత నిఘంటువులలో ప్రాచీనమైన అమరకోశం విష్ణుక్రాంతా, అపరాజితా, గిరికర్ణీ అనే మాటలను ఒకే మొక్కకు పర్యాయపదాలుగా చెప్పింది.

రెండవ చిక్కు హిందీ నుండి వస్తుంది. హిందీలో శంఖపుష్పీ అంటే జ్ఞాపకశక్తికి ప్రసిద్ధి పొందిన ఒక మూలిక. భారత ఆయుర్వేద ఔషధకోశం ఈ పేరును కన్వాల్వులస్ అనే ప్రజాతికి చెందిన, తెల్లని లేదా లేత గులాబీ రంగు పూలు పూసే మొక్కకు నిర్ణయించింది. విష్ణుక్రాంతిని సైతం ఆ పేరుతోనే విక్రయించే అలవాటు అనేక చోట్ల ఉన్నది. తెలుగులో శంఖపుష్పం అంటే మాత్రం అపరాజితయే, అనగా దింటెన తీగ. హిందీ పుస్తకంలో శంఖపుష్పీ అని చదివి, తెలుగులో శంఖపుష్పం అని అనువదించుకొని, పెరటిలోని దింటెన వేరును పిల్లవానికి అరగదీసి ఇస్తే ఏమవుతుంది? దింటెన వేరుకు, గింజలకు విరేచనకారి గుణం ఉన్నది. బుద్ధిబలం కోసం ఇచ్చినది కడుపునొప్పికి, నీరసానికి కారణం కాగలదు. అక్షరం మారకుండానే అర్థం మారే ఇటువంటి మాటల విషయంలో జాగ్రత్త అవసరం. పేరును నమ్ముకొనక మొక్కను చూసి తెలుసుకొనడమే దీనికి సరైన మార్గం.

గుర్తించే విధం

విష్ణుక్రాంతి శాస్త్రీయ నామం ఎవోల్వులస్ ఆల్సినాయిడిస్. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ 1753లో దీనిని కన్వాల్వులస్ ప్రజాతిలో చేర్చి, 1762లో ఎవోల్వులస్ ప్రజాతికి మార్చాడు. లాటిన్‌లో ఈ మాటకు చుట్ట విప్పుకొన్నది అని భావం. తూటికాడ, చిలగడదుంప వంటి తీగలున్న కుటుంబంలో పుట్టినప్పటికీ ఇది దేనినీ అల్లుకొనదు. ఈ ప్రజాతిలోని సుమారు 100 జాతులలో దాదాపు అన్నీ అమెరికా ఖండాలకు చెందినవే. మన బీళ్ళలో ఈ ఒక్కటి ఇంత సహజంగా కలిసిపోయి ఉండడం విశేషం.

ఇది బహువార్షికం. నేలలో కొద్దిగా కొయ్యబారిన వేరుమొదలు ఉంటుంది. దాని నుండి సన్నని కాడలు అనేకం నలువైపులా పాకుతూ, కొసలు కొంచెం పైకి లేచి, జానెడు నుండి మూరెడు వరకు పెరుగుతాయి. కాడలపైన, ఆకులపైన పట్టువంటి మెత్తని నూగు ఉంటుంది. ఆకులు చిన్నవి, ఒకటి నుండి రెండున్నర సెంటీమీటర్ల పొడవు, కోలగా ఉండి, తొడిమ దాదాపు లేనట్లే కనిపిస్తాయి. ఆకు మొదట నుండి దారంవంటి కాడ వెలువడి, దాని కొసన ఒకటి రెండు పువ్వులు పూస్తాయి. పువ్వు వెడల్పు సెంటీమీటరుకు మించదు. రేకులు విడివిడిగా కాక కలిసి, పళ్ళెంవలె పరచుకొని ఉంటాయి. రంగు లేత నీలం, అరుదుగా తెలుపు.

సందేహం మిగిలితే భూతద్దంతో పువ్వు మధ్య భాగాన్ని పరిశీలించాలి. విష్ణుక్రాంతి పువ్వులో రెండు కీలాలు ఉండి, ఒక్కొక్కటి మళ్ళీ రెండుగా చీలి ఉంటుంది. కన్వాల్వులస్ పువ్వులో కీలం ఒక్కటే; దాని కొసన రెండు కీలాగ్రాలు ఉంటాయి. ఈ ఒక్క గుర్తుతో శంఖపుష్పీని, విష్ణుక్రాంతిని వేరుచేయవచ్చును.

తక్కినవాటిని గుర్తించడం ఇంకా సులభం. అపరాజిత పైకి అల్లుకునే తీగ. దాని ఆకు ఐదు లేదా ఏడు చిన్న ఆకులుగా విడివడి ఉంటుంది. పువ్వు పెద్దది, శంఖాన్ని తలపిస్తుంది. కాయ చిక్కుడువలె చదునుగా ఉంటుంది. వానాకాలంలో తేమ ఉన్న చోట నీలిపూలు పూసే వెన్నదేవికూర మరొకటి. దాని కాడ నీటితో నిండి ఉంటుంది; పువ్వులో విడివిడి రేకులు కనిపిస్తాయి. ఇక నగరంలోని పచ్చికలలో గుండ్రని ఆకులతో, తెల్లని చిన్న పూలతో, కణుపు కణుపుకు వేరు పోసుకొని పాకేది విష్ణుక్రాంతికి అమెరికా నుండి వచ్చిన దాయాది. నర్సరీలలో కుండీలలో అమ్మే, రెట్టింపు పరిమాణంలో ముదురు నీలిపూలు పూసే మొక్క దక్షిణ అమెరికాకు చెందిన మరొక జాతి. అది అలంకారానికి తగినదే కాని మన విష్ణుక్రాంతి కాదు.

పెంచే విధం

బీడులో కనిపించిన మొక్కను పెరికి తెచ్చి కుండీలో నాటడం చాలామంది చేసే మొదటి ప్రయత్నం. అది తరచు విఫలమవుతుంది. వేరు లోతుగా దిగి ఉండడంవల్ల లాగినప్పుడు తెగిపోతుంది. కుండీలో మొక్క బతకదు, బీడులోనూ మిగలదు. అందువల్ల విత్తనాలను సేకరించడం ఉత్తమం.

వర్షాకాలం చివర నుండి శీతకాలం వరకు మిరియపు గింజ కన్న చిన్నవైన గుండ్రని కాయలు పండి ఎండుతాయి. ఒక్కొక్క కాయ నాలుగు భాగాలుగా పగులుతుంది. లోపల నాలుగు లేదా అంతకు తక్కువ నల్లని నున్నని గింజలు ఉంటాయి. కాయలు గోధుమరంగుకు తిరిగిన వెంటనే, పగలకముందే కోసి, కాగితపు పొట్లంలో నీడన ఆరబెట్టాలి. ఒక్క మొక్క నుండి అన్ని కాయలనూ తీసుకొనరాదు. సగానికి పైగా నేలకు వదిలివేయాలి.

ఈ కుటుంబపు గింజల పైపొర గట్టిది. నీరు లోపలికి చొరబడక గింజ చాలాకాలం నిద్రావస్థలో ఉండగలదు. ప్రకృతిలో ఎండ, వాన, మట్టి రాపిడి ఆ పొరను క్రమంగా అరగదీస్తాయి. ఇంటిలో ఆ పనిని గరుకు కాగితం చేయగలదు. గింజలను రెండు గరుకు కాగితాల నడుమ తేలికగా రుద్ది, రాత్రంతా నీటిలో నానబెట్టి, తెల్లవారి విత్తుకోవాలి.

ఛోటానాగ్‌పూర్‌లో జూన్ మధ్యలో తొలకరి పడుతుంది. విత్తడానికి అదే అనువైన సమయం. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, కొద్దిగా ఆకుల ఎరువు కలిపి కుండీని నింపాలి. అడుగున రంధ్రం మూసుకుపోకుండా పెంకుముక్కలు వేయాలి. గింజపై గింజమందం మట్టి చాలు. మొలకలు వచ్చేవరకు తడి ఆరిపోరాదు. ఆ తరువాత మట్టి పైభాగం ఎండిన పిమ్మటనే నీరు పోయాలి. కుండీకి ఎండ బాగా తగలాలి. నీడలో పెంచితే కాడలు సాగి, పూలు తగ్గుతాయి. ఎరువు అధికమైతే ఆకులు పెరుగుతాయేగాని పువ్వులు రావు. వర్షాకాలంలో లేత కొమ్మల కొసలను ఇసుకలో నాటి కూడా కొత్త మొక్కలను పొందవచ్చును.

వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు పైకాడలు ఎండిపోవచ్చు. మొక్క చనిపోయిందని భావించి కుండీని ఖాళీ చేయడం తొందరపాటు. వేరుమొదలు ప్రాణంతోనే ఉండి, తొలకరి తగలగానే తిరిగి చిగురించగలదు. బహువార్షికం అన్న మాటకు ఇదే అర్థం.

కాపాడవలసిన సంపద

చవితి పూజకు కావలసినది పత్రమే గాని వేరు కాదు. రెండు కొమ్మలు తుంచుకుంటే మొక్క మళ్ళీ పెరుగుతుంది. మూలికగా అమ్మడానికి మాత్రం దీనిని వేరుతో సహా పెరుకుతారు. విత్తనం రాలకముందే మొక్కలు మాయమైతే ఆ బీడులో మరుసటి ఏడు నీలిపువ్వు ఉండదు. 1976లో ఏర్పడిన దల్మా అభయారణ్యం జంషెడ్‌పూర్‌కు సమీపంలోనే ఉన్నది. అభయారణ్యాలలో అనుమతి లేకుండా మొక్కలను సేకరించడం చట్టవిరుద్ధం. కనుక ఊరి బీడు నుండి తెచ్చిన గుప్పెడు గింజలతో ఇంటి మేడపైన, పాఠశాల ఆవరణలో, ఆలయపు తోటలో దీనిని పెంచడమే అందరికీ మేలు. ఔషధంగా వాడదలచినవారు మొక్క సరైనదని నిర్ధారించుకొనిన తరువాత కూడా వైద్యుని సలహా తీసుకొనడం అవసరం.

జంషెడ్‌పూర్‌లో తెలుగు, బెంగాలీ, ఒడియా, హిందీ మాట్లాడేవారు, సంతాల్, హో, ముండా జనులు ఇరుగుపొరుగున నివసిస్తున్నారు. ఒకరి విష్ణుక్రాంత మరొకరికి అపరాజిత. ఒకరి శంఖపుష్పం మరొకరికి వేరొక మూలిక. ఎవరి పేరూ తప్పు కాదు. పొరుగువారు ఆ మాటతో ఏ మొక్కను పిలుస్తున్నారో అడిగి తెలుసుకొనకపోవడమే తప్పు. తోటగోడ దగ్గర నిలబడి, మొక్కను చూపించి, మీరు దీనిని ఏమంటారు అని ఒక్కమాట అడిగితే ఆ చిక్కు అక్కడికక్కడే విడిపోతుంది. అయితే అడగవలసినది ఉదయంపూట. మధ్యాహ్నానికి పువ్వు ముడుచుకుంటుంది.