పాత వస్తువులంటే మళ్ళీ మోజెందుకు?

‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అన్నారు పెద్దలు. ఈ మధ్య ఆ సామెత తలకిందులైనట్టుంది. సెల్‌ఫోన్లో టైము చూసుకోగలిగిన కుర్రవాడు కీ ఇచ్చే వాచీ కోసం షాపుల్లో వెతుకుతున్నాడు. వేళ్ళ కొసన లక్షల పాటలున్నవాళ్ళు నల్లటి గ్రామఫోను రికార్డులు కొంటున్నారు. అమెరికాలో 2022లో ఆ రికార్డులు సీడీల కంటే ఎక్కువ అమ్ముడుపోయాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. మన దేశంలో జావా మోటారుసైకిల్ 2018లోనూ, చేతక్ స్కూటరు 2020లోనూ మళ్ళీ రోడ్డెక్కాయి.

ఇది ఒట్టి ఫ్యాషనేనా? లేక ఇందులో మనం నేర్చుకోవలసింది ఏమైనా ఉందా? మిత్రులారా, ఒకసారి ఆలోచిద్దాం.

వింటేజ్ వేరు, రెట్రో వేరు

ఈ రెండు మాటలనూ చాలామంది ఒకే అర్థంలో వాడుతుంటారు. నిజంగా పాతకాలంలో తయారై, నేటికీ నిలిచిన వస్తువు వింటేజ్. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం గారి రోల్స్ రాయిస్ కారు అలాంటిది. వాహనాల విషయంలో దీనికి చట్టపరమైన లెక్క కూడా ఉంది. 2021లో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన సొంత వాడకపు కార్లు, ద్విచక్ర వాహనాలు వింటేజ్ కిందికి వస్తాయి. వాటి చట్రం, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. కొత్తగా రిజిస్ట్రేషన్ చేయించాలంటే రుసుము 20,000 రూపాయలు. నంబరు ప్లేటు మీద ‘వి.ఎ.’ అనే అక్షరాలు వస్తాయి. అలా రిజిస్టరైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్ళవచ్చు గాని రోజూ ఆఫీసుకు వేసుకెళ్ళడానికి వీల్లేదు.

రెట్రో అంటే పాత రూపంలో తయారుచేసిన కొత్త వస్తువు. పైన పాత, లోన కొత్త అన్నమాట. సరిగమ కంపెనీ 2017లో తెచ్చిన కార్వాన్ చూడండి. అచ్చం తాతల నాటి ట్రాన్సిస్టర్‌లా ఉంటుంది. లోపల మాత్రం చిన్న చిప్పులో 5,000 పాటలు. చేతక్ కూడా అంతే. 1972లో వచ్చినది పెట్రోలుతో నడిచేది. స్టార్ట్ కాకపోతే పక్కకు వంచి, మళ్ళీ నిలబెట్టి కిక్కు కొట్టేవారు. 2020లో వచ్చినది బ్యాటరీతో నడుస్తుంది. వంచే పని లేదు, కిక్కూ లేదు.

వాచీ లోపల ఏముంది?

పాత వస్తువు మనసును ఎందుకు పట్టుకుంటుందో తెలియాలంటే ఒక కీ వాచీ మూత విప్పి చూస్తే చాలు. హెచ్.ఎం.టి. జనతానే తీసుకుందాం. హిందుస్థాన్ మెషిన్ టూల్స్ 1953లో ఏర్పడింది. జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. జనతా, పైలట్, సోనా, కోహినూర్ వంటి పేర్లు ఇంటింటి మాటలయ్యాయి. మన హైదరాబాదు ఆల్విన్ కూడా బస్సు బాడీలు, ఫ్రిజ్‌లతో పాటు జపాను సీకో సహకారంతో వాచీలు చేసింది.

కీ ఇచ్చినప్పుడు లోపల ఒక స్ప్రింగు బిగుసుకుంటుంది. అది నెమ్మదిగా విప్పుకుంటూ పళ్ళచక్రాలను తిప్పుతుంది. ఊరికే వదిలేస్తే మొత్తం ఒక్కసారే గిర్రున తిరిగిపోతుంది. అలా కాకుండా ఒక చిన్న కొక్కెం చక్రాన్ని ఒక్కొక్క పన్ను చొప్పున వదులుతుంది. ఆ కొక్కేనికి తాళం వేసేది అటూ ఇటూ ఊగే మరో చక్రం. మనకు వినిపించే టిక్ టిక్ ఆ కొక్కెం చప్పుడే. జనతాలో గంటకు 18,000 టిక్కులు, అంటే సెకనుకు 5. డయలు మీద ‘17 జ్యుయెల్స్’ అని రాసి ఉంటే బంగారం, వజ్రాలు అనుకోకండి. ఇరుసులు అరిగిపోకుండా పెట్టే కృత్రిమ కెంపులవి.

బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలో ఒక స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. లెక్కలు ఇష్టమైన తమ్ముళ్ళు ఆ అంకెను రెండుతో భాగిస్తూ వెళ్ళండి. సరిగ్గా 15వ సారికి 1 వస్తుంది. వాచీలోని సర్క్యూట్ చేసే పని అదే. టైము విషయంలో దీనికి తిరుగులేదు. కీ వాచీ రోజుకు కొన్ని సెకన్లు అటూ ఇటూ కావచ్చు. క్వార్ట్జ్ వాచీ నెలకు అంత తప్పుతుంది. 1987లో టైటాన్ క్వార్ట్జ్ వాచీలతో మార్కెట్లోకి వచ్చాక హెచ్.ఎం.టి. క్రమంగా వెనకబడింది. 2016 జనవరిలో హెచ్.ఎం.టి. వాచెస్‌ను మూసివేయడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

ఓడిపోయింది కదా, మరి ఇంకా దాని కోసం వెతకడం దేనికి? కీ వాచీ పని చేయడం కంటికి కనిపిస్తుంది. ఏ చక్రం దేన్ని తిప్పుతోందో వేలు పెట్టి చూపించవచ్చు. ఆగిపోతే కంటికి భూతద్దం బిగించుకున్న ఒక మనిషి విప్పి, శుభ్రం చేసి, నూనె చుక్క వేసి మళ్ళీ నడిపించగలడు. నేటి ఫోను గమ్ముతో అతికించిన పెట్టె. అది చెడిపోతే చాలాసార్లు కొత్తది కొనుక్కోమంటారు. పాత వస్తువుల మీద మోజుకు నా దృష్టిలో అసలు కారణం ఇదే. అవి మనకు అర్థమవుతాయి, మన మాట వింటాయి.

అందరి గతం ఒకటి కాదు

జ్ఞాపకం కూడా ఒక కారణమే. తాతగారి వాచీ, నాన్నగారి స్కూటరు అని పత్రికల్లో ముచ్చట్లు చదువుతుంటాం. మన హాస్టల్ పిల్లల్లో ఎంతమంది ఇళ్ళల్లో తాతగారి వాచీ ఉంది? పొద్దు చూసి పనికి పోయి, పొద్దు చూసి ఇంటికి వచ్చినవాళ్ళు మన తాతలు. ఆ రోజుల్లో రేడియో కొంటే సరిపోయేది కాదు. పోస్టాఫీసులో ఏటేటా లైసెన్సు రుసుము కూడా కట్టాలి. ఆ పద్ధతి 1980లలో గాని పోలేదు. పంచాయతీ ఆఫీసు మైకులో వచ్చే పాటే చాలామందికి రేడియో. పెళ్ళిలో వాచీ, సైకిలు, రేడియో కట్నంగా అడిగితే అప్పు చేసి ఇచ్చిన తండ్రులున్నారు. ఆ అప్పు తీర్చడానికి ఎన్ని కార్లు పని చేశారో వాళ్ళకే తెలుసు.

కాబట్టి ‘ఆ రోజులే బాగుండేవి’ అని ఎవరైనా అంటే, ఎవరికి బాగుండేవి అని అడగాలి. ఇంట్లో పాత వస్తువు లేకపోవడం కూడా చరిత్రే. అందుకే మన కుటుంబాల్లో మొదటి ఉద్యోగి మొదటి జీతంతో కొన్న వాచీ ఎక్కడైనా మిగిలి ఉంటే, అది రాజుగారి కారు కంటే తక్కువది కాదు.

మోజులో మోసపోవద్దు

పాతదంతా బంగారం కాదు. పాత టూ-స్ట్రోక్ స్కూటర్లు పెట్రోలుతో పాటు ఆయిలు కాల్చి పొగ కక్కేవి. నాటి బండ్లకు నేటి బ్రేకుల భద్రత లేదు. వాచీల్లో మరో చిక్కు ఉంది. పాత డయలు గీకి, కొత్త రంగు, కొత్త అక్షరాలు అచ్చువేసి ‘అసలైన వింటేజ్’ అని అమ్ముతున్నారు. అక్షరాలు వంకరగా ఉన్నా, రంగు మరీ మెరుస్తున్నా అనుమానించండి. మూత విప్పి, లోపలి యంత్రం మీద ఏ పేరుందో అనుభవమున్న మెకానిక్ చేత చూపించుకోండి. రెట్రో వస్తువుల్లో మనం చెల్లించే డబ్బులో కొంత రూపానికే పోతుంది. స్కాలర్‌షిప్పు డబ్బుతోనో, వాయిదాల మీదనో అలాంటి ముచ్చట తీర్చుకోనవసరం లేదు.

మనం చేయగలిగింది

కొనకుండానే పాత వస్తువుల నుంచి లాభం పొందవచ్చు. సెలవులకు ఊరెళ్ళినప్పుడు చెడిపోయిన గడియారమో, టార్చిలైటో, సైకిలు డైనమోనో ఉంటే పాత సామాన్లవాడికి వేసే ముందు విప్పి చూడండి. భాగాలను విప్పిన వరసలోనే కాగితం మీద పేర్చి, బొమ్మ గీసుకోండి. కరెంటుకు తగిలించే పాత రేడియో, టీవీల జోలికి మాత్రం ఒంటరిగా పోవద్దు. స్విచ్చి తీసేసినా లోపల కరెంటు నిలవ ఉండే భాగాలుంటాయి. ఊరి సెంటరులో వాచీలు, రేడియోలు బాగుచేసే పెద్దాయన ఇంకా కూర్చుంటుంటే పక్కన స్టూలు వేసుకుని ఒక పూట చూడండి. ఆయన చేతిలో ఉన్న విద్య ఏ పాఠ్యపుస్తకంలోనూ పూర్తిగా దొరకదు.

బాగుచేసే విద్యకు మళ్ళీ విలువ వస్తోంది. వస్తువును రిపేరు చేయించుకునే హక్కు కొనుగోలుదారుకు ఉండాలని ప్రపంచమంతటా అడుగుతున్నారు. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభించింది. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ దారి పట్టబోయే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఇది గమనించాలి.

పాత వస్తువును అద్దాల బీరువాలో దాచుకోవడం కొందరికి ముచ్చట. దాన్ని విప్పి, అర్థం చేసుకుని, మళ్ళీ నడిపించడం మన ముచ్చట కావాలి. వచ్చే వార్షికోత్సవానికి మన హాస్టల్లో ఎవరైనా ఆగిపోయిన గడియారాన్ని ఒకటి నడిపించి, స్టేజీ పక్కన బల్ల మీద పెడితే, పూర్వ విద్యార్థులమంతా ముందు అక్కడికే వచ్చి చూస్తాం.